జ్వరం రాని మనిషి

తెర మీద చుక్కలు పడుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో కణం. రక్తంలోని తెల్లకణాలు సన్నటి గొట్టంలోంచి ఒకదాని వెనక ఒకటి పోతుంటే లేజరు వెలుగు వాటి మీద పడుతుంది. ఏ కణానికి ఏ రంగు అంటుకుందో యంత్రం కనిపెట్టి తెర మీద చుక్క పెడుతుంది. స్వరూప ఈ పని ఏళ్ల తరబడి చేస్తోంది. మామూలుగా అయితే ఒక్కో నమూనా మీద ఆమె చూపు ఎక్కువసేపు ఆగదు.

ఆ మధ్యాహ్నం ఆగింది. కుడివైపు పై మూలలో గుంపుగా పడాల్సిన చుక్కలు అసలు పడలేదు. రంగు కలపడం మరిచిపోయానేమో అనుకుని మళ్లీ కలిపింది, మళ్లీ యంత్రంలో పెట్టింది. అదే వరస. మిగతా రంగులన్నీ చక్కగా పట్టాయి. ఆ మూలలో కనబడాల్సిన నారింజ రంగు ఒక్కటి పట్టలేదు.

ఇలాంటి రక్తం ఆమె ఇంతకుముందు ఒక్క మనిషిలోనే చూసింది. పెళ్లయిన కొత్తలో యంత్రాన్ని సరిచూసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావలసి వచ్చి భర్త నరహరిని లాబ్‌కి పిలిపించింది. అతని కణాల మీద ఆ రంగు పట్టుకునే చోటు పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంది. దానివల్ల నష్టమేమీ లేదు, వేలల్లో ఒకరికి అలా ఉంటుంది. "నీ రక్తం గూడ నీ లెక్కనే మొండిది" అని ఆ రోజు నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. గొట్టం మీద పేరు లేదు, అంకె మాత్రమే ఉంది. ఆ అంకె ఎవరిదో లాబ్‌లో ఎవరికీ తెలియకూడదు. సంస్థలో పనిచేసేవాళ్ల ఇంటివాళ్లు ఈ కొత్త మందు ప్రయోగంలో చేరకూడదు కూడా.

ఇంకెవరిదో అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. ఇంత పెద్ద హైదరాబాద్‌లో అలాంటి రక్తం ఇంకొకరికి ఉండకూడదా? కానీ నమూనా వచ్చింది ఆ పొద్దున, శుక్రవారం. కొన్ని నెలలుగా నరహరి శుక్రవారాలు పెందలాడే ఇంట్లోంచి వెళ్లిపోతున్నాడు. కబడ్డీ పిల్లలకు ప్రాక్టీసు పెట్టానన్నాడు. ఆమె నమ్మింది.

స్వరూప పనిచేసే సంస్థ ఆ మందుకు ఇంకా పేరు పెట్టలేదు. లాబ్‌లో అందరూ తెల్లగోలీ అనేవాళ్లు. ఏదో ఒక్క వైరస్‌కు కాదు, జలుబు నుంచి ఫ్లూ వరకూ ఊపిరి ద్వారా వచ్చే వైరస్‌లన్నింటికీ ముక్కుతాడు వేసే మందు అది. జబ్బుపడ్డాక వేసుకోవడం కాకుండా, జబ్బే రాకుండా రోజుకొకటి వేసుకుంటే ఎలా ఉంటుందన్నది ప్రయోగం. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. సగంమందికి అసలు మందు, సగంమందికి ఉత్తి గోలీ. మందువల్ల వాళ్ల ఒంట్లో కాపలా కాసే కణాలకు ఏ హానీ జరగడం లేదని చూసుకోవడం స్వరూప పని. ఇంతవరకూ ఏ హానీ కనబడలేదు. కణాల సంఖ్య సరిగ్గా ఉంది. పైగా ఈ వర్షాకాలం ఊరు ఊరంతా దగ్గుతుంటే సగంమంది వలంటీర్లకు తుమ్ము కూడా రాలేదు. ఆ సగం ఎవరో లాబ్‌లో అందరూ ఊహించుకుని మురిసిపోతున్నారు.

ఆ సాయంత్రం స్వరూప అల్వాల్‌లోని ఇంటికి వచ్చేసరికి నరహరి నేల మీద బాసింపట్టు వేసుకుని కూతురు ఆమనికి మందు ఆవిరి పట్టిస్తున్నాడు. ఆమని నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఊపిరితిత్తులు అప్పటినుంచీ బలహీనమే. పక్కింటి పిల్లలకు రెండురోజుల్లో పోయే జలుబు ఈ పిల్లకు ఛాతీలోకి దిగుతుంది. మొన్ననే ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నారు. ఈ వానలు మొదలయ్యాక మూడోసారి.

"వచ్చినవా? ఇగో, నీ బిడ్డ మూతి తిప్పుతుంది. మాస్కు పెట్టనిస్తలేదు" అన్నాడు నరహరి. ప్రభుత్వ బడిలో ఆటల మాస్టారు. గట్టి మనిషి, గొంతు కూడా గట్టిదే. పిల్ల ముఖానికి తన ముఖం ఆనించి ఏదో గుసగుసలాడాడు. ఆమని కిలకిల నవ్వి మాస్కు పెట్టించుకుంది.

స్వరూప గుమ్మంలోనే నిలబడి చూసింది. నరహరి బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. కళ్లలో అలసట లేదు. ఈ వర్షాకాలం తనకూ రెండుసార్లు జ్వరం వచ్చింది. అతనికి రాలేదు. ప్రతి ఏడూ బడి పిల్లల దగ్గర జలుబు పట్టుకొచ్చేది మొదట అతనే. ఈ ఏడు ఒక్కసారి కూడా రాలేదు.

పిల్ల నిద్రపోయాక వంటింట్లో అడిగింది.

"శుక్రవారం యాడికి వోతున్నవ్?"

"యాడికేంది? బళ్లెనే. పోరగాండ్లకు ప్రాక్టీసు అని చెప్పిన గద."

"అబద్ధం జెప్పకు. నీ రక్తం ఇయ్యాల నా మిషిన్ల చూసిన."

 నరహరి చేతిలోని గిన్నె గట్టు మీద పెట్టి, ఎడమ చేతి చొక్కా మడత పైకి లాగాడు. మోచేతి మడతలో దూది అంటించిన పట్టీ ఉంది.

"గుర్తువట్టినవా?" అన్నాడు, దొరికిపోయిన పిల్లాడిలా.

"నన్ను అడగకుండ, నా కంపెనీల, నా కళ్లుగప్పి... ఎందుకు చేసినవ్?"

"నిన్నడిగితే వద్దంటవ్. రూల్స్ అంటవ్." అతని గొంతు కాస్త హెచ్చింది. "రోజూ అంతమంది పోరగాండ్లు నా మీద తుమ్ముతరు. ఆ రోగాలు మోసుకొచ్చి బిడ్డకు అంటిస్తున్నవని ఎన్నిసార్లన్నవ్ నన్ను? మళ్ల నువ్వే అన్నవ్, ఈ గోలీ బయటికొస్తే ఆమనికి ఇగ భయం లేదని. అది వచ్చేదాక బిడ్డ పానం మీదికి తెచ్చుకోవాల్నా? సికింద్రాబాద్‌ల చేర్చుకుంటున్నరంటే పోయి చేరిన. నీ పేరు చెప్పలే."

స్వరూపకు కోపం వచ్చింది. కోపం కింద ఇంకేదో మెత్తగా కదిలింది కూడా. కానీ మంచం మీద వాలాక ఆ రెండూ పోయి ఒక ప్రశ్న మిగిలింది. వానలు పడ్డ దగ్గరనుంచి ఆమనిని బడికి పంపడం లేదు. పగలు పిల్లను చూసుకునే స్వరూప చెల్లెలు మాస్కు తీయదు, ఆమె తప్ప ఇంటికి చుట్టాలెవరూ రావడం లేదు. నరహరికి దగ్గు లేదు, జలుబు లేదు. తన జ్వరాలు రెండూ పిల్ల మంచాన పడ్డాకే వచ్చాయి. మరి మూడుసార్లు ఆ పిల్లకు జబ్బు ఎక్కడినుంచి వచ్చింది?

పొద్దున్నే లేచి నరహరి ముక్కులో దూది పుల్ల పెట్టి తీసింది. చేతినుంచి కాస్త రక్తం కూడా.

"ఇదేంది, దొంగను వట్టుకున్నట్టు?" అన్నాడు నవ్వుతూ.

ఆమె పుల్లను గొట్టంలో పెట్టి మూత బిగించింది.

శనివారం లాబ్‌లో జనం తక్కువ. పుల్ల మీద ఏమున్నదో చూసేందుకు ఒక యంత్రంలో పెట్టింది. రక్తంలోని కణాలను విడదీసి గాజు పళ్లెంలో వేసి, వాటి మీద చచ్చిన వైరస్ ముక్కలు చల్లింది. మామూలు మనిషి కణాలైతే కొన్ని గంటల్లో గోల గోల చేస్తాయి. ప్రమాదమని ఒకదానికొకటి చెప్పుకునే రసాయనాలు కక్కుతాయి. ప్రయోగం మొదలైనప్పుడు ఈ పరీక్ష వలంటీర్లందరికీ చేద్దామని ఆమే అడిగింది. ప్రయోగానికి పెద్ద అయిన డాక్టర్ వసుంధర ఒప్పుకోలేదు. "కణాల లెక్క సరిపోతోంది కదమ్మా. అది తర్వాతి దశలో చూద్దాం" అంది. అప్పుడు స్వరూప దాన్ని పట్టించుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదన్న సంగతి ఇప్పుడు పళ్లెం ముందు కూర్చుంటే గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

పళ్లెంలో ఏమీ జరగలేదు. కణాలున్నాయి. ఎన్ని ఉండాలో అన్నీ ఉన్నాయి, ఆకారంలో వంక లేదు. కాపలావాళ్లు గేటు దగ్గర కుర్చీల్లో యూనిఫారంతో కూర్చునే ఉన్నారు, కళ్లు మాత్రం మూసుకున్నారు. స్వరూప తన వేలు పొడిచి తన కణాలతో అదే పరీక్ష చేసింది. అవి సాయంత్రానికల్లా పళ్లెం నిండా రసాయనం కక్కాయి.

ముక్కు పుల్ల ఫలితం కూడా అప్పుడే వచ్చింది. నరహరి ముక్కులో ఒకటి కాదు, రెండు రకాల వైరస్‌లు బతికే ఉన్నాయి. అందులో ఒకటి మొన్న ఆసుపత్రివాళ్లు ఆమని గొంతులో దొరికిందని చెప్పినదే.

ఆమెకు విషయం మెల్లగా, ఒంట్లోకి చలి ఎక్కినట్టు ఎక్కింది. జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు తెచ్చేది చాలావరకు వైరస్ కాదు. వైరస్‌తో మన కణాలు చేసే యుద్ధం తెస్తుంది వాటిని. యుద్ధమే లేకపోతే ఆ మనిషి పైకి నిక్షేపంలా ఉంటాడు. తెల్లగోలీ వైరస్‌ను చంపడం లేదు, ఎక్కువ పెరగకుండా అణిచి ఉంచుతోంది అంతే. చంపాల్సిన కణాలను నిద్రపుచ్చింది. దాంతో వైరస్ ఆ ఒంట్లో అద్దె ఇంట్లో దిగినట్టు దిగింది. వెళ్లదు, గొడవ చేయదు. కానీ ఆ మనిషి మాట్లాడినా నవ్వినా పక్కవాళ్ల మీద పడుతుంది. పక్కవాళ్లు గోలీ వేసుకోలేదు.

ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. వరండాలో నిలబడి, ముఖానికి మాస్కు కట్టుకుని చెప్పింది. నరహరికి మొదట అర్థం కాలేదు.

"నేను మంచిగనే ఉన్న గదనే!"

"గదే చెప్తున్న. నువ్వు మంచిగుండుడే భయం."

"ఏం మాట్లాడుతున్నవ్? బిడ్డకు అంటొద్దనే గద గోలీ మింగుతున్న? దవఖానల గూడ నువ్వు దగ్గుతున్నవని నిన్ను దూరం పెట్టి, నేనే దాని పక్కన..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆమని ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇరుకు మంచం మీద పిల్లను గుండెలకు ఆనించుకుని పడుకుంది అతనే. తనకు ఏమీ కాదన్న ధైర్యంతో మాస్కు కూడా పెట్టుకోలేదు. నరహరి వరండా గోడకు చేరగిలబడి కిందికి జారి కూర్చున్నాడు. ఇంట్లోంచి ఆమని "నాన్నా, క్యారం బోర్డు ఆడుదాం రా" అని పిలిచింది. అతను లేవలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, ఊపిరి కూడా బయటికి పోకూడదన్నట్టు.

"నేను యాడికి వోవాలె?" అన్నాడు చివరికి.

బొల్లారంలో అతని స్నేహితుడికి మేడ మీద ఒక ఖాళీ గది ఉంది. బడికి సెలవు పెట్టి, రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని వెళ్లాడు. గోలీ ఇప్పుడే ఆపొద్దని స్వరూప చెప్పింది. ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. గేటు దాటాక వెనక్కి తిరిగి చూశాడు, చెయ్యి ఊపబోయి మానేశాడు.

"నాన్న అలిగిండా?" అంది ఆమని కిటికీ దగ్గరనుంచి.

"లేదు బిడ్డా. పనుంది."

సోమవారం నుంచి స్వరూపకు లాబ్‌లో ఎవరి ముఖం చూసినా ఒకటే ఆలోచన. వీళ్లలో ఎవరికి తెలుసు? వలంటీర్ల నుంచి తీసి దాచిన రక్తంతో, ఎవరికీ చెప్పకుండా, పళ్లెం పరీక్ష చేసింది. కొందరి కణాలు లేచి గోల చేశాయి. కొందరివి నిద్రపోయాయి. సుమారుగా చెరి సగం. డాక్టర్ వసుంధర వెనకనుంచి నడిచివెళ్తే స్వరూప చప్పున తెర మార్చేసేది. ఆవిడ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చేనేత చీర, చిరునవ్వు, అందరినీ అమ్మా అని పిలిచే అలవాటు. ఆగస్టులో ఆవిడ తల్లి న్యుమోనియాతో పోయినప్పుడు కూడా పదిరోజులు తిరక్కుండానే పనిలోకి వచ్చేసింది. అప్పుడు అందరూ ఆ ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఇప్పుడు స్వరూపకు ఆ ధైర్యం మీదే అనుమానం. ఏ సంగతి బయటపడుతుందని అంత తొందరగా వచ్చింది?

శుక్రవారం సెలవు పెట్టి సికింద్రాబాద్ వెళ్లింది. వలంటీర్లు రక్తం ఇచ్చే చోటు ఒక పాత భవనం మొదటి అంతస్తు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టీవీ. స్వరూప కూడా ఒక కుర్చీలో కూర్చుంది, తన వంతు కోసం ఎదురుచూస్తున్నట్టు. పక్కన యాభై ఏళ్ల మనిషి, మెడలో టాక్సీ కంపెనీ కార్డు.

"ఎట్లుందన్నా మందు?" అంది.

"నాకేందమ్మా, గుండులెక్క ఉన్న. సీజన్ల ఒక్కనాడు బండి బంద్ వెట్టలే."

"ఇంట్ల అందరు మంచిగున్నరా?"

ఇద్దరు తెలిసినవాళ్లు కలిస్తే మొదట అడిగే మాట అది. వలంటీర్లను మాత్రం ఇక్కడ ఎవరూ ఆ మాట అడగలేదు. నీకు జ్వరమా, నీకు వాంతులా, నీకు నిద్ర పడుతోందా అని ఎన్నో అడుగుతారు. అన్నీ నీకు, నీకు, నీకు.

టాక్సీ మనిషి ముఖం కాస్త వాడింది. "యాడమ్మా. మా ఇంటామెకు దగ్గు తగ్గుతనే లేదు. పెద్దోనికి తగ్గితే చిన్నోనికి, చిన్నోనికి తగ్గితే ఆమెకు. నేనొక్కన్నే నిలవడ్డ. దేవుని దయ."

ముందు వరసలో కూర్చున్న ఒక స్త్రీ ఆ మాట విని వెనక్కి తిరిగింది. వారాసిగూడలో జాకెట్లు కుడుతుందట. "మా ఇంట్ల గూడ గంతే అక్కా. మా అత్తమ్మ పోయిన నెలలనే పోయింది. ఊపిరాడక. పక్కన గూసొని అన్నం కలిపి పెట్టిన, కాళ్లు వట్టిన, నాకేం గాలే. గోలీ మహిమ అనుకున్న." ఆమె ఆ చివరి మాట గర్వంగానే అంది.

కిటికీ దగ్గర కూర్చున్న ఒక కుర్రవాడు మాత్రం తనకే రెండుసార్లు జలుబు చేసిందనీ, ఇంట్లో అందరూ బాగున్నారనీ చెప్పాడు. అతనికి పడింది ఉత్తి గోలీ అని స్వరూపకు అర్థమైంది. జాకెట్లు కుట్టే ఆమె వైపు చూడలేక లేచి బయటికొచ్చేసింది.  ఆమెకు చెప్పాలి. ఎవరో ఒకరు చెప్పాలి. ఏమని చెప్పాలి?

అక్కడినుంచి నేరుగా లాబ్‌కి వెళ్లి డాక్టర్ వసుంధర గది తలుపు తోసింది.

"సెలవన్నావు కదమ్మా?" అంది ఆవిడ కళ్లజోడు తీస్తూ.

స్వరూప నిలబడే చెప్పింది. నరహరి సంగతి దాచలేదు. పళ్లెం పరీక్ష, ముక్కులో వైరస్‌లు, సికింద్రాబాద్ కుర్చీల్లో విన్న మాటలు అన్నీ చెప్పింది. డాక్టర్ వసుంధర మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చెప్పడం అయ్యాక, చాలా నెమ్మదిగా అంది:

"మీ ఆయన నియమం తప్పి చేరాడు. నువ్వు అనుమతి లేకుండా పరీక్షలు చేశావు. ఇది బయటపెడితే ముందు నీ ఉద్యోగం పోతుంది స్వరూపా. నీ ఫలితాలు ఎవరూ నమ్మరు. మొగుడి కోసం లెక్కలు తారుమారు చేసిందంటారు."

"అననీయండి మేడం. మీరు నమ్ముతరా లేదా?"

డాక్టర్ వసుంధర కళ్లజోడు బల్ల మీద పెట్టింది.

"మీకు ముందే తెలుసు. అందుకే ఆ పరీక్ష వద్దన్నరు."

"కాదు. అప్పుడు నిజంగానే అవసరం లేదనుకున్నాను."

"అప్పుడు. మరి ఇప్పుడో?"

ఆవిడ కళ్లజోడును బల్ల మీద అటూ ఇటూ జరుపుతోంది. ఆ చేతివేళ్లను, ఆ నున్నటి ముఖాన్ని స్వరూప పరిశీలనగా చూసింది. ఈ వర్షాకాలం లాబ్‌లో దగ్గనివాళ్లు లేరు. ఈవిడ దగ్గలేదు. తల్లి పక్కన ఆసుపత్రిలో అన్ని రోజులు కూర్చుని వచ్చి కూడా.

"మేడం," అంది గొంతు తగ్గించి, "మీరు గూడ వేసుకుంటున్నరా?"

"నేను మింగని మందు ఊళ్లోవాళ్ల చేత ఎలా మింగిస్తాను?" అంది డాక్టర్ వసుంధర. "వాళ్లందరికంటే ముందు మొదలుపెట్టాను."

 స్వరూప అడగదలుచుకున్నది అడగలేదు. అడగక్కర్లేకపోయింది. డాక్టర్ వసుంధర లేచి, చీర చెంగు భుజం మీదికి సర్దుకుని, ఎడమ చెయ్యి చాపింది.

"తియ్యి. చూద్దాం పద."

ఇద్దరూ పళ్లెం ముందు సాయంత్రం దాకా కూర్చున్నారు.  పళ్లెంలో ఏ అలికిడీ లేదు. ముక్కు పుల్లలో మాత్రం ఉంది. ఆగస్టులో ఊరిమీద పడిన వైరస్ అది. ఊళ్లో సద్దుమణిగి వారాలైనా ఆవిడలో ఇంకా ఉంది.

"అమ్మ పోయిన రోజున నాకు కనీసం గొంతు గరగర కూడా లేదు," అంది డాక్టర్ వసుంధర. "ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అమ్మ గడప దాటి ఏడాదైంది. నేను తప్ప ఇంకెవరు తెస్తారు? ఇంత చదివినదాన్ని, నాకు ఆ మాత్రం తట్టదా? తట్టింది. పరీక్ష చేస్తే తేలిపోతుందని చెయ్యలేదు. పనిలోకి వచ్చేశాను. ఇంట్లో ఉంటే ఆలోచన వస్తుంది కదా."

ఏడుస్తుందేమో అనుకుంది స్వరూప. ఆవిడ ఏడవలేదు. ఫోను తీసి, ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ పెద్దకు ఫోను చేసి, స్వరూప ఎదుటే మొత్తం చెప్పింది. తన తల్లి సంగతి కూడా.

ప్రయోగం ఆగింది. గోలీ ఆపడం మాత్రం అంత తేలిక కాలేదు. పళ్లెంలో మందును కడిగేసి చూస్తే కణాలు కొన్నాళ్లకు లేచాయి. లేచి, ఇన్నాళ్లూ తమ మధ్యే తిరిగిన వైరస్‌ను ఒక్కసారిగా చూసినట్టు రెచ్చిపోయి, చుట్టూ ఉన్న మంచి కణాలను కూడా చంపేశాయి. మనిషి ఒంట్లో అదే జరిగితే మనిషి మిగలడు. అలాగని గోలీ జీవితాంతం వేసుకుంటూ ఉండడమూ కుదరదు.

"ముందు నేను ఆపుతాను," అంది డాక్టర్ వసుంధర. ఎవరు వద్దన్నా వినలేదు.

ఆవిడకు వచ్చినంత జ్వరం ఆసుపత్రి డాక్టర్లు మునుపెన్నడూ చూడలేదు. కృత్రిమ శ్వాస మీద పెట్టారు. బతుకుతుందని ఎవరికీ నమ్మకం లేని ఘడియలు కూడా వచ్చాయి. బతికింది. చేతికర్రతో, పావు వంతు ఊపిరితో బయటికొచ్చింది. ఆవిడ ఒంట్లో ఏ రోజు ఏం జరిగిందో చూసి, గోలీని ఒక్కసారిగా ఆపకుండా కొంచెం కొంచెంగా తగ్గించాలని తేల్చారు. మిగతా వలంటీర్లను ఆసుపత్రిలో పెట్టి అలాగే తగ్గించడం మొదలుపెట్టారు. కంపెనీ విడుదల చేసిన ప్రకటనలో "సాంకేతిక కారణాలు" అని మాత్రమే ఉంది. ఇళ్లల్లో పోయినవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. డాక్టర్ వసుంధర చేతికర్ర పట్టుకుని విలేకరుల ముందుకు వెళ్లి ఆ ముక్క తనే చెప్పింది. స్వరూపను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు, విచారణ తేలేవరకూ అన్నారు.

వారాసిగూడ వెళ్లి జాకెట్లు కుట్టే ఆమెకు స్వరూపే చెప్పింది. కుట్టుమిషను మీద చెయ్యి పెట్టుకుని ఆమె అంతా విన్నది. "అంటే నా చేతి అన్నమే అత్తమ్మకు..." అని ఆగింది. స్వరూప ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. వెళ్లమని అనలేదు. ఉండమనీ అనలేదు.

ఆసుపత్రిలో నరహరిని గాజు తలుపు ఉన్న గదిలో ఉంచారు. ఒక్కొక్కరికీ జ్వరం వస్తోంది. టాక్సీ మనిషి వారంపాటు వణికి, మూలిగి, లేచి కూర్చున్నాడు. నరహరికి మాత్రం రాలేదు. గోలీ పూర్తిగా ఆపేసినా రాలేదు. రోజూ స్వరూప గాజు ఇవతల నిలబడితే అవతలనుంచి నవ్వి, "మంచిగున్న" అని బొటనవేలు ఎత్తి చూపేవాడు. ఆ బొటనవేలు చూస్తే ఆమెకు భయమేసేది. కొందరి కణాలు ఇక ఎప్పటికీ లేవకపోవచ్చని డాక్టర్లు మెల్లగా అంటున్నారు. అలా అయితే అతను ఇంటికి రాలేడు. పిల్లను ఎత్తుకోలేడు. నిక్షేపంలా ఉండి, జీవితాంతం గాజు వెనకే.

ఆ ఉదయం ఆమె వెళ్లేసరికి అతను గాజు దగ్గరికి రాలేదు. మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి మీద ఇంకో దుప్పటి. స్వరూప గాజు మీద తట్టింది. నరహరి తల తిప్పాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి. గాజు ఇవతలికి మాట వినిపించే ఫోను మంచం పక్కన ఉంటే, రెండుసార్లు ప్రయత్నించి అందుకున్నాడు.

"స్వరూపా..." పళ్లు కటకటలాడుతుంటే మాట ముక్కలవుతోంది. "చలి వెడుతుందే. ఒళ్లంత ఇరగ్గొట్టినట్టుంది. ఏడుస్తున్నవా? ఏమన్న అయితదా నాకు?"

ఆమె ఏడుస్తోంది. తల అడ్డంగా ఊపింది. లోపల నర్సు వచ్చి అతని చంకలో థర్మామీటరు పెట్టి, తీసి చూసి, గాజు వైపు తిరిగి తల ఊపింది.

స్వరూప సెల్‌ఫోను మోగింది. ఇంటి దగ్గరనుంచి ఆమని, పిన్ని ఫోనులో. వీడియోలో సగం ముఖమే కనబడుతోంది.

"అమ్మా, నాన్న ఎట్లుండు?"

"జ్వరమొచ్చింది బిడ్డా. బాగా వచ్చింది."

ఆమని ముఖం చిన్నబోయింది. ఇంట్లో దేవుడి పటం వైపు చూసి, మళ్లీ తల్లి వైపు చూసింది.

"దిగాలని మొక్కుకోనా?"

స్వరూప కొంగుతో కళ్లు తుడుచుకుంది. గాజు అవతల నరహరి దుప్పట్ల కింద గడగడ వణుకుతున్నాడు.

"ఇప్పుడే వద్దు తల్లీ," అంది. "ఇంకొంచెం రానియ్."